పెంచలమ్మవ్వ బండికి కర్ర కడసీలలు

ఈ ఉదయం మా పెరట్లో బండి ఇరుసుకు కందెన రాస్తున్నారు. ఆముదంలో కాల్చిన వరిగడ్డి మసి కలిపి చేసే ఆ నల్లటి ముద్ద వాసన నేను పడుకున్న పంచదాకా వచ్చింది. ఊరికే ఉండలేక లేచి వెళ్ళి, వేలితో కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా పెద్దవాడు నవ్వి, "వాసన చూసేదేంది నాయనా, మనింట్లో చేసిందే కదా" అన్నాడు. మనింట్లో చేసిందైతే మాత్రం ఆముదంలో వేపనూనె కలవదని ఎవరు పూచీ? ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆత్మకూరులో పెంచలమ్మ అనే ఆమె దగ్గర కొన్నేళ్ళు బండి తోలి సంపాదించుకున్నది. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఉన్నవాళ్ళు కూడా ఆమె నోటిని గుర్తుంచుకున్నారు గానీ మనిషిని గుర్తుంచుకోలేదు. అందుకని ఆమెను గురించి నాకు తెలిసినంత చెప్పిపోవాలని ఉంది.

బజారు చివర ఆమెకు బండ్ల దొడ్డి ఉండేది. భర్త పోయాక తోలేవాళ్ళను పెట్టి నాలుగు బండ్లను తానే బాడుగలకు తిప్పింది. ధాత నామ సంవత్సరం కరువు వచ్చి ఎద్దులు నిలబడ్డచోటే కూలిపోయాక మూడు బండ్లు అమ్ముకుని తిన్నది. నేను చేరేనాటికి ఒక బండి, ఒక జత ఎద్దులు మిగిలాయి. తోలేవాణ్ణి నేను. అందరికీ ఆమె పెంచలమ్మవ్వ. పొట్టి మనిషి, గొంతు మాత్రం బజారు ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపించేది. చదువు రాదు. అనుమానమే ఆమె చదువు. ఎవరైనా ఆమె ఎద్దులను మెచ్చుకుంటే, వాడు వెళ్ళగానే వాటి కాళ్ళూ పళ్ళూ మళ్ళీ చూసుకునేది. నా బండిలో బస్తాలు కట్టిన తాడుకు తనదైన ఒక ముడి వేసేది. ఆ ముడి విప్పితే మళ్ళీ అలా వేయడం నాతో సహా ఎవరికీ రాదు. నామీద అనుమానమా అని ఒకసారి అడిగాను. "నీమీదేందిరా, నామీద నాకే ఉండాది" అంది. ఒకసారి ఉప్పు వర్తకుడొకడు పండక్కని బెల్లం పంపితే, ఆ బెల్లం పక్కన పెట్టి అతని ఉప్పు బస్తాలన్నీ మళ్ళీ తూకం వేయించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే పదిసార్లకు ఏడుసార్లు ఆమె అనుమానం ఉత్తిదే అయ్యేది. ఆ మాట అంటే, మిగతా మూడుసార్ల కోసం ఏడుసార్లు తిట్లు తిన్నా గిట్టుబాటే అనేది.

కరువు నుంచి తేరుకున్న ఏడు నాకు సొంత బండి కావాలని పట్టుకుంది. మా మామ నాకొక జత కోడెలను ఇచ్చాడు. కలువాయి దగ్గర మా నాయన వదిలిపోయిన రెండెకరాల మెట్ట ఉంటే దాన్ని అమ్మేశాను. డెబ్బై రూపాయలొచ్చాయి. భూమి అమ్మిన రోజు మా ఇంటిది నరసమ్మ పొయ్యి వెలిగించలేదు. ఇద్దరు పిల్లలు, ఇంకొకరు కడుపులో. ఆ డబ్బుతో బండి వస్తే నేను బాడుగ బండివాణ్ణి. రాకపోతే ఆ డబ్బు జొన్నలైపోయి, జొన్నలు కూడైపోయి, నేను ఎవరి గడపలోనో బతికినంత కాలం పాలేరును. ఇంతకుమించి మూడో దారి లేదు. పెంచలమ్మవ్వ కూడా ఈ మాటే చెప్పి, బండి నేను చూసిపెడతానంది. చూసింది కూడా. మొదటిదాని ఇరుసులో చీలిక ఉందంది. రెండోదాని చక్రాల ఆకులు మార్చిన కొయ్యవంది. మూడోది అన్నివిధాలా బాగుంది. మరీ బాగుందంది, అందుకని వద్దంది. అప్పుడే నా మనసులో ఒక ముల్లు దిగింది. నేను సొంత బండి కొనుక్కుంటే ఈమె బండి ఎవరు తోలాలి? దిగిన ముల్లును నేను తీసుకోలేదు. దానిమీదే నడిచాను.

అలా ఉండగా ఉదయగిరి నుంచి ఒక బండివాడి చేత ఉత్తరం వచ్చింది. నేను బండి కోసం వెతుకుతున్నానని బండివాళ్ళ నోట విని వెంకటాద్రి అనే అతను రాయించాడు. టేకు చట్రం, తుమ్మ చక్రాలు, వాటి చుట్టూ ఇనప కమ్ములు ఉన్న బండి డెబ్బై రూపాయలకు ఇస్తానని, ఈ ఉత్తరం తెచ్చినవాడి చేతికే డబ్బు పంపితే ఎనిమిది రోజుల్లో బండిని ఆత్మకూరుకు తోలిస్తానని, బండి మీద ఎవరికీ దమ్మిడీ బాకీ లేదని అందులో ఉంది. పెంచలమ్మవ్వ దాన్ని ముగ్గురి చేత మూడుసార్లు చదివించుకుంది, ముగ్గురూ ఒకటే చదువుతారో లేదోనని. తర్వాత, "బాకీ ఉండాదా అని మనం అడిగినామా?" అంది. లేదన్నాను. "అడగనిదానికి జవాబు చెప్పినాడు. పోయి చూద్దాం పద" అంది. డబ్బు తన దగ్గర ఉంచమని అడిగింది. నడుముకు కట్టుకున్న సంచిని తడుముకుని, వద్దులే అవ్వా నా దగ్గరే ఉండనీ అన్నాను. ఆమె నన్నొకసారి చూసింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె బండి కట్టుకుని, నా కోడెలను వెనక కట్టేసి, రెండు రోజుల ప్రయాణం చేసి ఉదయగిరి కొండకింద దిగాం. వెంకటాద్రి నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, పెంచలమ్మవ్వను అత్తా అన్నాడు. ఆ పిలుపుతోనే ఆమె మొహం గట్టిపడింది. బండి మాత్రం చూడగానే నా ప్రాణం లాగేసింది. చట్రం మీద చెయ్యి వేస్తే తీయబుద్ధి కాలేదు. ఆమె దానిచుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఇరుసు చివర కడసీలను బొటనవేలితో తడిమింది. చక్రం జారిపోకుండా ఇరుసు చివరి రంధ్రంలో దిగ్గొట్టే ఇనప మేకునే కడసీల అంటారు. మా సీమలో దానికి ఇంకొక పని కూడా ఉంది. బండి మీద అప్పిచ్చినవాడు బండిని తీసుకుపోడు, ఎందుకంటే బండి తిరగకపోతే అప్పు తీరదు. ఆ బండి కడసీలలు రెండూ ఊడదీసి తన దగ్గర పెట్టుకుంటాడు. అప్పు తీరేదాకా బండివాడు కర్ర కడసీలలతో తోలుకోవాలి. కర్రవి బరువు ఆపవు, తేలిక బాడుగలే వేసుకోవాలి. దారిలో ఎవరు చూసినా ఈ బండి తాకట్టులో ఉందని తెలిసిపోతుంది. విరిగిన పాతదాని ముక్క తెచ్చి చూపిస్తే తప్ప మా వైపు ఏ కమ్మరీ కొత్తవి చేసివ్వడు.

వెంకటాద్రి బండికి ఇనప కడసీలలే ఉన్నాయి. పెంచలమ్మవ్వ ఒకదాన్ని ఊడదీయించి రంధ్రంలో వేలు పెట్టి చూసింది. రంధ్రం పలకలుగా అరిగి ఉంది. చేతిలో ఉన్న మేకు గుండ్రం. "పాతవి ఏమైనాయి?" అని అడిగింది. పోయాయన్నాడు. "ఒకటి పోతాది. రెండూ ఒకేసారి పోవు" అంది. ఆ తర్వాత ఆమె ఇంకేమీ అడగలేదు, చక్రం పక్కన అలాగే కూర్చుంది. ఆమె కూర్చున్న కొద్దీ అతనికి చెమటలు పట్టాయి. చివరికి దుత్తలూరు సావుకారు దగ్గర బండి మీద అప్పు ఉందని, యాభై ఇస్తే తీరిపోతుందని, ఈ కడసీలలు ఎక్కడో దూరాన చేయించుకున్నానని ఒప్పుకున్నాడు. డబ్బు తనకిస్తే వెళ్ళి అప్పు తీర్చి పాత కడసీలలు తెస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ముగ్గురం బండితో సహా రేపు దుత్తలూరు పోవాలి, సావుకారు బాకీ సావుకారు చేతికే ఇవ్వాలి, కడసీలలు మా చేతికి రావాలి, మిగిలింది అప్పుడు వెంకటాద్రికి. ఇదీ ఆమె చెప్పింది. అతను వెంటనే సరేనన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "కడసీలలు చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి నీ నడుము దాటగూడదు. ఆయప్ప ఊరికే సరేనన్నాడు, నాకు నచ్చలా" అని, ఊళ్ళో అతన్ని గురించి విచారించడానికి బజారుకు పోయింది.

ఆమె వెళ్ళాక వెంకటాద్రి నాకు మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చున్నాడు. మీ అవ్వ నీకోసం ఎన్ని బండ్లు చూసిందని అడిగాడు. ఇది నాలుగోదని చెప్పాను. మూడూ పనికిరాలేదా అని నవ్వాడు. మజ్జిగ ముంత నా చేతిలోంచి అందుకుంటూ మెల్లగా, "నువ్వు బండి కొంటే ఆమె బండి ఎవరు తోల్తారు తమ్ముడూ?" అన్నాడు. నాలో దాచుకున్న మాట ఇంకొకడి నోట వినేసరికి అది నిజమే అయిపోయినట్టు అనిపించింది. ఆ తర్వాత అతను చెప్పినవన్నీ నాకు న్యాయంగానే తోచాయి. రేపు వరికుంటపాడు నుంచి ఇంకొక గిరాకీ వస్తున్నాడట. డెబ్బైలో యాభై సావుకారుది, ఇరవై ఎట్లాగూ తనది. తన ఇరవై తనకు ఈరోజే బయానాగా ఇస్తే బేరం ఖాయమవుతుంది, ఇక ఆ ముసలామె ఏ వంక పెట్టినా చెల్లదు. నేను సంచి విప్పాను. ఇరవై రూపాయలు అతని చేతిలో పెట్టినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పెంచలమ్మవ్వ మీద గెలిచినట్టుంది.

సాయంత్రానికి ఆమె తిరిగొచ్చింది. ముగ్గురిని అడిగితే ముగ్గురూ అతను మంచివాడనే ఒకే మాట ఒకే తీరుగా చెప్పారని, నేర్పించినట్టుందని అంది. నేను ఇరవై సంగతి చెప్పకుండా ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాను.

మర్నాడు రెండు బండ్లతో దుత్తలూరు చేరాం. సావుకారు ఇంటి పంచలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక మోకు కట్టి ఉంది. దానికి కడసీలలు వేలాడుతున్నాయి, జతలు జతలుగా, ఒక్కో జతకు ఒక్కో గుడ్డపీలిక. గాలికి ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. కరువు ముందు తీసుకున్న అప్పులవే ఎక్కువ. వీటి బండ్లన్నీ ఏవని పెంచలమ్మవ్వ అడిగింది. సగం బండ్లు ఇప్పుడు లేవమ్మా, వంటచెరుకైపోయినాయి అన్నాడు సావుకారు. మామూలుగా ఎవరు ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేసే మనిషి ఆ మాటకు ఒక గుడ్డపీలికను వేళ్ళతో సవరించి వదిలేసింది.

సావుకారు ఒక జత తీసి ముందు పెట్టి, డెబ్బై అన్నాడు. యాభై కదా అన్నాను. యాభై అసలు, వడ్డీతో డెబ్బై అన్నాడు. పెంచలమ్మవ్వ పత్రం అడిగి తీసుకుని, సావుకారు మనిషి చదవబోతే ఆపి, ఊళ్ళో కిరస్తానం బడి పంతులును పిలిపించి చదివించింది. పత్రంలో ఉన్నది సావుకారు చెప్పినట్టే ఉంది. అంటే బండి అమ్మితే వచ్చే డబ్బంతా సావుకారుదే, వెంకటాద్రికి ఒక్క కాసు కూడా మిగలదు. అది అతనికి ముందునుంచీ తెలుసు. ఇక్కడికి రాకముందే తీసుకున్నదే అతనికి దక్కేది. పెంచలమ్మవ్వ నావైపు తిరిగి డబ్బు తీయమంది. నేను సంచి విప్పి ఆమె ముందు పోశాను. చూస్తే తెలిసిపోతుంది కదా, లెక్కపెట్టక్కర్లేదు. ఆమె నా మొహం చూసింది, వెంకటాద్రి మొహం చూసింది. నేను జరిగింది చెప్పాను. అతను అన్న మాట కూడా చెప్పాను, ఆమె బండి ఎవరు తోల్తారన్న మాట. ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె వెంకటాద్రినే అడిగింది, ఇరవై ఎక్కడని. పిల్లలు ఆకలితో ఉన్నారని, పొద్దున్నే జొన్నలు కొనేశానని, మిగిలింది పాత బాకీకి పోయిందని చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి గొంతు కాదది. "నీ పిల్లలు తిన్నారు, బాగుండాది. వీడి పిల్లలు ఏం తినాల?" అంది ఆమె. బేరం వదిలేసి పోదాం అవ్వా అన్నాను నేను. మిగిలిన యాభైతో ఇంటికి పోవచ్చు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ యాభై ఇంటికి చేరితే కూడైపోతుంది, బండి మంచిది, ఇట్లాంటిది మళ్ళీ దొరకదంది. తర్వాత సావుకారును ఒక సుత్తి అడిగింది.

తన బండి దగ్గరికి పోయి రెండువైపులా కడసీలలను తానే కొట్టి ఊడదీసింది. తెచ్చి సావుకారు ముందు పెట్టింది. ఇరవైకి ఇవి ఉంచుకోమంది. సావుకారు లేచి వెళ్ళి ఆమె బండి రంధ్రంలో వేలు పెట్టి తడిమి, ఇవి ఆ బండివేనని నిశ్చయించుకుని వచ్చాడు. ఆమెకు సరిజోడు దొరికాడని ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. నేను వద్దన్నాను, కాళ్ళు పట్టుకున్నాను. "లేరా. నీకోసం కాదు, ఆ కోడెలను చూసి" అంది. అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

అంత జరిగినా ఆమె జాగ్రత్త ఆమె విడిచిపెట్టలేదు. వెంకటాద్రి బండి పాత కడసీలలను రంధ్రాల్లో దిగ్గొట్టించి పలకకు పలక సరిపోయిందని చూశాకే యాభై ఇవ్వనిచ్చింది. పత్రం మీద చెల్లు రాయించి, ఈ బండితో తనకిక సంబంధం లేదని సావుకారు చేత, అమ్మేశానని వెంకటాద్రి చేత వేరువేరుగా రాయించి, పంతులుతో పాటు ఇంకొకరి సాక్షి పెట్టించి, కాగితాలన్నీ నా చేతికిచ్చింది. వెంకటాద్రి ఉదయగిరి దారిన నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ అతన్ని నేను చూడలేదు.

ఆత్మకూరుకు నేను నా బండి తోలుకుంటూ ముందు, ఆమె తన బండి తానే తోలుకుంటూ వెనక. భర్త పోయాక ఆమె పగ్గాలు పట్టడం అదే మొదటిసారి. రోడ్డంతా వెనక్కి తిరిగి చూడాలంటే నాకు భయమేసింది. బజారులోకి వచ్చేసరికి మధ్యాహ్నం, అంగళ్ళన్నీ తెరిచి ఉన్నాయి. కరువు ముమ్మరంగా ఉన్నప్పుడు కూడా ఎవరి దగ్గరా తాకట్టు పెట్టని బండికి కర్ర కడసీలలు ఉండటం ఊరంతా చూసింది. ఒకాయన నోరు తెరిచి అడిగాడు కూడా. నా బండి నా ఇష్టం అంది ఆమె. మా నరసమ్మ కొత్త బండికి పసుపు రాస్తుంటే నేను దొడ్లో కూర్చుని ఏడ్చాను.

ఆరు నెలలు రాత్రీ పగలూ బాడుగలు తోలి, వడ్డీతో సహా ఇరవై కట్టి, దుత్తలూరు మోకు మీద నుంచి ఆమె కడసీలలు విప్పించి తెచ్చాను. ఆమె వాటిని చేతిలో తిప్పి చూసి, రంధ్రంలో పెట్టి తడిమి, ఆ తర్వాతే నావేనంది. అప్పుడు నేను అడగవలసింది అడిగాను. నేను నిన్ను అనుమానించినాను అవ్వా, నీకు కోపం రాలేదా అన్నాను. ఆమె కడసీలకు కందెన రాస్తూనే, డబ్బు తన దగ్గర ఉంచమంటే వద్దన్నప్పుడే తెలిసిందిలే అంది. వేళ్ళు గడ్డికి తుడుచుకుని, "నన్ను అనుమానించకుంటే ఇన్నేళ్ళు నేను నేర్పింది దండగే కదరా. ఎవరిని అనుమానించగూడదో నేర్పేది నాకు చాతకాలా, అంతే" అంది.

ఆమె బండి ఆ తర్వాత ఎక్కువ తిరగలేదు. ఇద్దరు తోలేవాళ్ళను పెట్టుకుని ఇద్దరినీ వారంలోపే పంపేసింది. ఒకడు మరీ వినయంగా ఉన్నాడట, ఇంకొకడు కూలి ఎంతని అడగలేదట. కొన్నాళ్ళు తానే తోలింది. నడుము పడిపోయాక బండి దొడ్లో నిలబడిపోయింది, ఎద్దులను నాకే అమ్మింది. ఆమె తిండీ మందూ నేనే చూసుకున్నానని ఊళ్ళో నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు నాకు ఎనిమిది బండ్లున్నాయి. ఎవరికీ ముందు డబ్బు ఇవ్వను, రంధ్రంలో వేలు పెట్టకుండా బండి కొనను. ఆ విద్యంతా ఆమెదే, నాకు అన్నం పెట్టిందీ అదే. కానీ నేను మోస్తున్న బరువు అది కాదు. నేను బండి కొంటే ఆమె బండి ఆగిపోతుందని వెంకటాద్రి చెప్పినది అబద్ధం కాదు. అది అతనికంటే ముందే ఆమెకు తెలుసు, తెలిసే నాకోసం నాలుగు బండ్లు వెతికింది. ఆ మనిషి తన జన్మలో పగ్గాలు చేతికిచ్చి, పోయిరా అని ఇంట్లో నిశ్చింతగా కూర్చున్నది ఒక్కడి విషయంలోనే. ఉదయగిరిలో ఆ ఒక్కడూ ఆమెను నమ్మలేదు.